కీళ్ళ జబ్బుల పరిశోధనకు సర్కారు పెట్టేదెంత? నెల్లూరు జిల్లా దాటకుండా లెక్క అడిగే పద్ధతి

కీళ్ళ జబ్బుతో డాక్టరు దగ్గరకి పోయినప్పుడు మనం అడిగేది ఒకటే మాట: నొప్పి తగ్గడానికి మందేదన్నా ఉందా? ఆ మందు ఎవరు కనిపెట్టారు, ఎవరి డబ్బుతో పరీక్షించారు, మన సర్కారు ఈ జబ్బుల మీద ఏటా ఎంత పెడుతోంది అని అడగాలని ఎవరికీ తోచదు. అడగొచ్చు. తెలుగులోనే అడగొచ్చు, పది రూపాయలతో అడగొచ్చు, నెల్లూరు దాటకుండా అడగొచ్చు. ఆ పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది కావలి. తపాలా శాఖలో కౌంటరు మీద పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చింది, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన కీళ్ళ మీద పడే జబ్బు. పొద్దన్నే లేస్తే పిడికిలి బిగిసేది కాదు. తేదీ ముద్ర పిడికి పాత చీర పీలిక చుట్టి లావు చేసుకుంటే గానీ పట్టు చిక్కేది కాదు. ఉత్తరాల కట్ట మీద ఒక్కో దెబ్బకీ మణికట్టులో సూది దిగినట్టుండేది. మొదట చూసిన డాక్టరు 'వయసు అరుగుదలమ్మా' అని నొప్పి బిళ్ళలు రాసిచ్చి పంపాడు. అసలు జబ్బు పేరు బయటపడేసరికి వేళ్ళు పక్కకి ఒరగడం మొదలైంది. ఈ జబ్బులో మొదటి నెలల్లోనే సరైన మందు పడితే కీలు పాడవకుండా చాలావరకు ఆపొచ్చని తర్వాత తెలుసుకున్నాను. అందుకే పరిశోధన గురించి ఇంత పట్టుగా మాట్లాడుతున్నాను.

సర్కారు సొమ్మే ఎందుకు

'మందుల కంపెనీలు ఉన్నాయి కదా, పరిశోధన అవి చేసుకుంటాయి' అని మా వీధిలోనే ఒక మేష్టారు నాతో వాదించారు. దానికి జవాబు మనం వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ బిళ్ళలోనే ఉంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది ఆయన బృందమే, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసిందీ ఆ బృందమే. ఇవాళ రుమటాయిడ్ ఉన్నవాళ్ళకి డాక్టర్లు వారానికోసారి మెథోట్రెక్సేట్, ఆ మందు వల్ల వచ్చే బాధలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ (అదే ఫోలిక్ ఆమ్లం) రాస్తారు. చీటీ మీద ఆ రెండు పేర్లూ ఒక తెలుగాయన ఆధ్వర్యంలో వచ్చినవే. ఆయన 1948లో పోయారు. ఈ మందును రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి వాడొచ్చని అమెరికా ప్రభుత్వం ఆమోదించింది 1988లో. మధ్యలో 40 ఏళ్ళు. పేటెంటు తీరిన చవక మందుకి కొత్త ఉపయోగం వెతకడానికి ఏ కంపెనీ కోట్లు పోయదు, వాళ్ళకి గిట్టుబాటు కాదు.

మరో సంగతి. రుమటాయిడ్‌కి మెథోట్రెక్సేట్ ఒక్కటీ చాలనప్పుడు ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. వేలకి వేలు పోసి ఇంజెక్షన్ మొదలుపెట్టాలా, లేక సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత బిళ్ళలు రెండు కలిపి చూడాలా? దీన్ని తేల్చడానికి 353 మంది మీద పరీక్ష చేసి 2013లో ఫలితాలు అచ్చువేశారు. ముందు మూడు బిళ్ళలు కలిపి వాడి, పని చేయని వాళ్ళకి మాత్రం ఇంజెక్షన్‌కి మారడం అనే పద్ధతి, నేరుగా ఇంజెక్షన్‌తో మొదలుపెట్టడం కంటే తీసిపోదని తేలింది. ఆ పరీక్షను నడిపింది అమెరికా మాజీ సైనికుల శాఖ, అంటే ప్రభుత్వం. ఇంజెక్షన్ అమ్మే కంపెనీకి ఈ ప్రశ్న అడగాల్సిన అవసరమే లేదు. అవసరం రోగిది, రోగి తరఫున డబ్బు పెట్టగలిగింది ప్రజల ఖజానా. పింఛను డబ్బుల్లో మందులు కొనుక్కునే నాలాంటివాళ్ళకి ఇలాంటి ఫలితం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు ఏ శాఖలో ఉంటుంది

ఢిల్లీలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద ఆరోగ్య పరిశోధన విభాగం అని ఒకటుంది. 2007లో ఏర్పడింది. దాని కిందే భారత వైద్య పరిశోధన మండలి, అందరూ ఐసీఎంఆర్ అనేది. ఇది 1911లో వేరే పేరుతో మొదలై 1949లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాని ఢిల్లీ కార్యాలయానికి శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారి పేరు పెట్టారు, ఆయన ఆ మండలిని నడిపిన మనిషి.

2025–26 బడ్జెట్‌లో ఈ విభాగానికి కేటాయించింది సుమారు 3,900 కోట్లు. బడ్జెట్ పత్రాల్లో చూడాలంటే డిమాండ్ల జాబితాలో, అంటే శాఖలవారీగా ఖర్చుకి అనుమతి అడిగే పద్దుల్లో, 47వ నంబరు తెరవండి. కొన్నేళ్ళుగా ఆ నంబరు కిందే వస్తోంది. అందులో మూడు రకాల అంకెలుంటాయి: అంతకు ముందేడు నిజంగా ఖర్చయింది, ఈ ఏటి మొదటి అంచనా, మధ్యలో సవరించిన అంచనా. పేపర్లలో వచ్చేది మొదటి అంచనా ఒక్కటే. మీరు మాత్రం నిజంగా ఖర్చయిన అంకె చూడండి, దాని పక్కన సవరించిన అంచనా చూడండి.

ఐసీఎంఆర్ ఒక్కటే కాదు. బయోటెక్నాలజీ విభాగం ఉంది. ఆయుష్ శాఖ కింద ఆయుర్వేద పరిశోధన మండలి ఉంది. 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. దీనికి అయిదేళ్ళకి 50,000 కోట్లు అనుకున్నారు, అందులో కేంద్రం వాటా 14,000 కోట్లు, మిగతాది ఎక్కువగా పరిశ్రమల నుంచి, దాతల నుంచి రావాలి. కానీ మొదట పట్టుకోవాల్సిన గడప ఐసీఎంఆరే.

ఇక్కడే చిక్కు. ఆ పద్దుల్లో 'కీళ్ళ జబ్బులు' అని విడిగా ఒక వరస ఉండదు. సాంక్రమిక వ్యాధులు కాని జబ్బుల గంపలో మనదీ కలిసిపోతుంది. అలాంటి జబ్బుల కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం పేరులోనే కాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతం అని రాసుకున్నారు, కీళ్ళ ఊసు లేదు. అమెరికాలో 1974లో ఏకంగా జాతీయ ఆర్థరైటిస్ చట్టం అని పార్లమెంటులో చేయించుకున్నారు. 1986లో కీళ్ళు, కండరాలు, చర్మ జబ్బుల కోసం విడిగా జాతీయ సంస్థ పెట్టుకున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో దానికి ఏటా 60 కోట్ల డాలర్ల పైనే ఇస్తున్నారు. పద్దులో పేరుంటే ఏటా ఎవరో ఒకరు 'పోయినేటికంటే ఎందుకు తగ్గింది' అని నిలదీయగలరు. పేరే లేకపోతే తగ్గిందీ పెరిగిందీ ఎవరికీ కనపడదు.

అందుకని మన పని రెండు భాగాలు. ఉన్న లెక్క బయటికి లాగడం మొదటిది. విడిగా ఒక పద్దు కావాలని అడగడం రెండోది.

ముందు మన ఊరి ప్రశ్న తయారుచేసుకోండి

'కీళ్ళ జబ్బుల మీద పరిశోధన చేయించండి సార్' అని వినతిపత్రం ఇస్తే దండం పెట్టి తీసుకుంటారు, అంతటితో సరి. ఫలానా చోట, ఫలానా వాళ్ళకి, ఫలానా విషయం తేలాలి అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి అలాంటి ప్రశ్న ఒకటి ఎనభై ఏళ్ళ పైనుంచీ ఉంది.

మా ఆడపడుచుది పామూరు దగ్గర పల్లె. ఆమెకి నడుం వంగదు, మెడ తిరగదు, మోకాళ్ళు పట్టేస్తాయి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతులు పట్టుకుని చూసి, 'వదినా, నీదీ నాదీ ఒకటే జబ్బా? ఒకాయన నీళ్ళ వల్లంటాడు, ఇంకొకాయన కీళ్ళవాతం అంటాడు. ఎవురి మాట ఇనాల మేము?' అనింది.

ఆమె అడిగిందే అసలైన పరిశోధన ప్రశ్న. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకి ఫ్లోరోసిస్ వస్తుంది. మొదట్లో అది అచ్చం కీళ్ళ జబ్బులాగే ఉంటుంది: నొప్పులు, పట్టేయడం, వంగలేకపోవడం. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించడం దానికి పెద్ద గుర్తు, మూత్రంలో ఫ్లోరైడ్ కొలిచీ చూస్తారు. రుమటాయిడ్ అయితే వేళ్ళ కీళ్ళు రెండు వైపులా వాస్తాయి, పొద్దునపూట బిగుసుకుంటాయి, రక్తంలో ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీ పరీక్షలు చేస్తారు. మొదటిదానికి మంచినీళ్ళు మార్చాలి, రెండోదానికి వెంటనే మందు మొదలుపెట్టాలి. పొరపడితే రెండు వైపులా నష్టమే. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు కూడా.

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలినాటి శాస్త్రీయ వ్యాసాల్లో ఒకటి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. దాని శీర్షికలోనే నెల్లూరు జిల్లా పేరుంది. రాసినవాళ్ళు షార్ట్, పండిట్, రాఘవాచారి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, అంటే సర్కారు సంస్థ, అక్కణ్నుంచి జరిగిన పని అది. ఆ ముగ్గురిలో సి.జి. పండిట్ తర్వాత ఐసీఎంఆర్‌కి మొట్టమొదటి డైరెక్టరయ్యారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి. 2008–09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకి జాతీయ కార్యక్రమం పెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. అంటే ఢిల్లీ మనల్ని ఎరగకపోవడం కాదు. మన జిల్లా పేరు వాళ్ళ చరిత్రలోనే ఉంది. ఉత్తరంలో ఈ మాట తప్పకుండా రాయండి, ఎప్పుడూ వినని ఊరి గోడుగా పక్కన పడేయకుండా ఉంటారు.

మీ ఊరి నీళ్ళ సంగతి ముందే తేల్చుకుంటే ఇంకా మంచిది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నీళ్ళ సీసా ఇచ్చి ఫ్లోరైడ్ కొలిపించుకుని ఆ కాగితం దాచుకోండి. తాగేనీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ కాగితం మీది అంకె దాన్ని దాటితే ఉత్తరానికి జత చేయండి.

ఫ్లోరైడ్ బాధ లేని ఊళ్ళ వాళ్ళకీ ప్రశ్నలున్నాయి. 2006లో చికున్‌గున్యా ఊరూరా మంచాన పడేసినప్పుడు జ్వరం పోయినా కీళ్ళు నెలల తరబడి వదలని వాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. రుమటాయిడ్ లెక్కా అంతే. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో చేసి 1993లో అచ్చువేసిన సర్వేలో పెద్దవాళ్ళలో 0.75 శాతం మందికి ఉన్నట్టు తేలింది. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లా జనం 29 లక్షల పైన. ఆ నిష్పత్తే ఇక్కడా ఉందనుకుంటే మనం వేలల్లో ఉంటాం. మన దగ్గర కొలవండి అని అడగడం న్యాయమైన కోరిక.

సమాచార హక్కు దరఖాస్తు

ఇది నాకు బాగా తెలిసిన పని. కౌంటరు మీద ఉండగా ఇలాంటి దరఖాస్తులు చేతుల మీదుగా పోయేవి. ఎక్కువగా తిరిగొచ్చేవి ఎందుకంటే, అందులో ప్రశ్నలుండేవి, కాగితాలు అడిగేవాళ్ళు కాదు. 'కీళ్ళ జబ్బులకి ఎందుకు డబ్బు ఇవ్వడం లేదు?' అంటే అధికారి జవాబు ఇవ్వనక్కర్లేదు. చట్టం ఇచ్చిన హక్కు వాళ్ళ దగ్గరున్న రికార్డు చూడటానికి, దాని నకలు తీసుకోవడానికి. 'ఫలానా జాబితా నకలు ఇవ్వండి' అంటే ఇచ్చి తీరాలి, లేదా ఎందుకు ఇవ్వలేరో సెక్షన్ చూపించాలి.

ఇంకో కీలకం జబ్బుల పేర్లు. 'ఆర్థరైటిస్' అని ఒక్కమాట రాస్తే ఆ మాట పేరులో ఉన్న ప్రాజెక్టులే వస్తాయి. గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే జబ్బు) మీద చేసింది జారిపోతుంది, వెన్నుపూసలు అతుక్కుపోయే జబ్బు మీద చేసింది జారిపోతుంది. అందుకని పేర్లన్నీ రాయాలి. నమూనా ఇదీ:

ప్రజా సమాచార అధికారి గారికి,
భారత వైద్య పరిశోధన మండలి, వి. రామలింగస్వామి భవన్, అన్సారీ నగర్, న్యూఢిల్లీ – 110029.

విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.

అయ్యా, ఈ కింది సమాచారం నకళ్ళు ఇప్పించగలరు.

1. గత అయిదు ఆర్థిక సంవత్సరాల్లో ఆస్టియో ఆర్థరైటిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, గౌట్, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, సోరియాటిక్ ఆర్థరైటిస్, పిల్లల ఆర్థరైటిస్, లూపస్, చికున్‌గున్యా తర్వాతి కీళ్ళనొప్పుల మీద బయటి సంస్థలకు మంజూరు చేసిన పరిశోధన ప్రాజెక్టుల జాబితా. ప్రాజెక్టు పేరు, సంస్థ, మంజూరైన మొత్తం, ఇప్పటిదాకా విడుదలైన మొత్తం సంవత్సరాల వారీగా.

2. ఇదే కాలంలో ఎముకల ఫ్లోరోసిస్ మీద మంజూరు చేసిన ప్రాజెక్టుల జాబితా, పై వివరాలతోనే.

3. పై రెండింటిలో ఆంధ్రప్రదేశ్‌లోని సంస్థలకు దక్కినవి.

4. జబ్బుల వారీగా జాబితా విడిగా లేకపోతే, ఈ అయిదేళ్ళలో సాంక్రమికేతర వ్యాధుల కింద మంజూరైన మొత్తం ప్రాజెక్టుల జాబితా ఏ రూపంలో ఉంటే ఆ రూపంలో.

నాలుగోది వదిలిపెట్టకండి. 'మేము జబ్బుల వారీగా లెక్క పెట్టుకోము' అనే జవాబుకి ముందే దారి మూసేది అదే. మొత్తం జాబితా వస్తే అందులో మనవి ఏవో మనమే ఏరుకోవచ్చు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఓపిగ్గా కూర్చోవాలి, అంతే.

కింద మీ పేరు, చిరునామా, సంతకం. ఎందుకు అడుగుతున్నారో రాయనక్కర్లేదు, సెక్షన్ 6(2) ప్రకారం వాళ్ళు అడగకూడదు కూడా. మొత్తం 500 మాటలు మించకుండా చూసుకోండి. దరఖాస్తు తెలుగులో పెట్టే హక్కు మీకుంది: ఇంగ్లీషు, హిందీ, లేదా దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాష అని చట్టంలోనే ఉంది. అయినా పని తొందరగా కావాలంటే ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఇంగ్లీషు నకలు ఒకటి రాయించి వెనక కుట్టండి.

ఫీజు పది రూపాయలు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు కొని, ఆ సంస్థ అకౌంట్స్ ఆఫీసర్ పేరు రాసి, నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. దారిద్ర్యరేఖకి దిగువనున్నట్టు ధ్రువపత్రం నకలు జతచేస్తే ఫీజు మాఫీ. నకళ్ళకి పేజీకి రెండు రూపాయలు అడుగుతారు. జవాబు 30 రోజుల్లో రావాలి.

ఢిల్లీ చిరునామాకి స్పీడ్ పోస్టులో నేరుగా పంపొచ్చు. లేదా నెల్లూరు, ఒంగోలు హెడ్ పోస్టాఫీసుల్లో కేంద్ర శాఖల దరఖాస్తులు తీసుకునే సహాయ సమాచార అధికారి ఉంటారు, అక్కడ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. అలా ఇస్తే గడువుకి 5 రోజులు కలుస్తాయి. చాలామందికి ఈ సౌకర్యం ఉన్నట్టే తెలియదు. కౌంటరులో కొత్తగా చేరిన పిల్లలకీ ఒక్కోసారి తెలియదు, 'పోస్టుమాస్టర్ గారిని అడిగి చెప్పు నాయనా' అనండి, కోప్పడకండి. చేతులు రాయడానికి సహకరించని వాళ్ళు కేంద్ర ప్రభుత్వపు సమాచార హక్కు (ఆర్టీఐ) ఆన్‌లైన్ పోర్టల్‌లో మనవడితోనో మనవరాలితోనో టైపు చేయించండి. అక్కడ 3,000 అక్షరాల దాకా పడుతుంది. వేరే శాఖకి చెందిన విషయమైతే అయిదు రోజుల్లో వాళ్ళే అటు పంపాలి, మీరు మళ్ళీ కాళ్ళరిగేలా తిరగక్కర్లేదు.

ఎంపీ చేత అడిగించడం

ఆర్టీఐ జవాబు మీ ఒక్కరికి వస్తుంది. పార్లమెంటులో వచ్చిన జవాబు దేశం మొత్తానికి వస్తుంది, ఎప్పటికీ ఉంటుంది. అందుకే ఎంపీ ప్రశ్న అంటే నాకు ఎక్కువ గురి.

లోక్‌సభలో రోజుకి 20 ప్రశ్నలకి మంత్రి లేచి నోటితో జవాబిస్తారు, 230 ప్రశ్నలకి రాతపూర్వకంగా ఇస్తారు. నోటి జవాబు ప్రశ్న దక్కాలంటే లాటరీలో పేరు ముందు రావాలి. మనకి రాతపూర్వక జవాబే మేలు, దానికి అంకెల పట్టికలు జత చేసి ఇస్తారు. ప్రశ్నకి కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 150 మాటలు మించకూడదు. పార్లమెంటు వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నలు వెతకండి. ఈమధ్యే ఎవరైనా అడిగి ఉంటే అదే ప్రశ్న మళ్ళీ తీసుకోరు, దానికి వచ్చిన జవాబు పట్టుకుని దాని తర్వాతి ప్రశ్న అడగాలి.

ఎంపీ గారి ఆఫీసులో కలవాల్సింది ఆయన వ్యక్తిగత కార్యదర్శిని. ఆ అబ్బాయికి పని తగ్గించేలా ప్రశ్నను సభలో అడిగే రూపంలోనే రాసుకుపోండి:

'ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి దయచేసి తెలుపగలరా: (ఎ) గత అయిదేళ్ళలో కీళ్ళ జబ్బుల పరిశోధనకు ఆరోగ్య పరిశోధన విభాగం మంజూరు చేసిన, విడుదల చేసిన మొత్తాలు ఏడాదివారీగా; (బి) వాటిలో ఆంధ్రప్రదేశ్ సంస్థల వాటా; (సి) ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌నీ ఆర్థరైటిస్‌నీ వేరుచేసి గుర్తించే అధ్యయనం ఏదైనా చేపట్టారా, లేకపోతే చేపట్టే ప్రతిపాదన ఉందా; (డి) కీళ్ళ జబ్బుల పరిశోధనకు విడిగా పద్దు పెట్టే ఆలోచన ఉందా?'

దీన్ని ఇంగ్లీషులో కూడా ఒక పేజీ తీసి ఇవ్వండి. నెల్లూరు ఎంపీకి, ఒంగోలు ఎంపీకి ఒకేసారి ఇస్తే తప్పేం లేదు. రాజ్యసభ సభ్యులు రాష్ట్రం మొత్తానికి చెందినవాళ్ళు, వాళ్ళకీ ఇవ్వొచ్చు. మీరొక్కరే పోకుండా వేళ్ళు వంకరపోయిన వాళ్ళు, కర్ర పట్టుకు నడిచేవాళ్ళు నలుగురు కలిసి పొండి. కుర్చీలు వేసి కూర్చోబెడతారు, వింటారు.

సమయం ముఖ్యం. వర్షాకాల సమావేశాలు మామూలుగా జూలై, ఆగస్టుల్లో, శీతాకాలం సమావేశాలు నవంబరు, డిసెంబరుల్లో జరుగుతాయి. జూన్ మొదట్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఉత్తరం చేరాలి. అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం, విలేకరులు కూడా ఆ రోజు ఈ మాట వింటారు. బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది కాబట్టి దాని ముందు డిసెంబరు, జనవరిల్లో ప్రజల సూచనలు అడుగుతారు, మైగవ్ వెబ్‌సైట్‌లో రాయొచ్చు. బడ్జెట్ వచ్చాక ఆరోగ్య శాఖ మీద ఉండే పార్లమెంటు స్థాయీ సంఘం, అంటే ఎంపీల సంఘం, ఆ పద్దుల్ని విడమరిచి చూస్తుంది. ఆ సంఘంలో మన రాష్ట్ర సభ్యులెవరన్నా ఉంటే ఫిబ్రవరిలోనే మీ ఉత్తరం వాళ్ళ చేతిలో పడాలి.

సోమవారం కలెక్టరాఫీసు అర్జీల్లో దీన్ని పెట్టకండి. అక్కడ నీళ్ళ సంగతి చెప్పండి, పని జరుగుతుంది. ఢిల్లీ పద్దు కలెక్టరు గారి చేతిలో లేదు.

మన వైద్య కళాశాలల్ని కదిలించడం

డబ్బు ఉన్నా, తీసుకునేవాళ్ళు లేకపోతే అది వేరే రాష్ట్రాలకి పోతుంది. రోగులు నేరుగా పరిశోధన నిధి తెచ్చుకోలేరు. వైద్య కళాశాలలో, పరిశోధన సంస్థలో ఉద్యోగంలో ఉన్న డాక్టరు ప్రతిపాదన పంపాలి. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. జనరల్ మెడిసిన్, ఎముకల విభాగం, కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్లలో ఒకరిని ఓపీ లేని వేళ కలిసి, మీ ఊరి నీళ్ళ కాగితం, మీ ఎక్స్‌రేలు చూపించి అడగండి: 'ఈ ప్రశ్న మీద ప్రతిపాదన పెడతారా సార్, మా పల్లెలో ఇంటింటికీ మేము తోడొస్తాం.' పరిశోధకుడికి అన్నిటికంటే కష్టమైంది ఊళ్ళో జనాన్ని ఒప్పించడం. అది మీరు చేసిపెడతామంటే ఆయనకి సగం బరువు దిగిపోతుంది.

ఎంబీబీఎస్ చదివే పిల్లలు బంధువుల్లో ఉంటే వాళ్ళకి ఐసీఎంఆర్ విద్యార్థి పరిశోధన పథకం గురించి చెప్పండి. ఒక ప్రొఫెసర్ కింద రెండు నెలల చిన్న అధ్యయనం, దానికి స్టైపెండ్. 'కనిగిరి వైపు కీళ్ళ నొప్పులతో వచ్చేవాళ్ళలో ముంజేతి ఎక్స్‌రే ఎలా ఉంది' అన్నది ఆ పథకానికి సరిగ్గా సరిపోయే ప్రశ్న.

మీ మీదే పరిశోధన చేస్తామని ఎవరన్నా వస్తే, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ పరీక్ష నమోదైందో లేదో చూడండి. 2007 నుంచి ఉంది, ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. సమాచార పత్రం తెలుగులో ఇవ్వాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు, పరీక్ష మందుకి మీ దగ్గర డబ్బు అడగకూడదు. ఊళ్ళో సంచుల్లో తెచ్చి అమ్మే పేరులేని పొడులు పరిశోధన కాదు, వాటిలో స్టెరాయిడ్ కలిపినవి ఉంటాయి, దగ్గరికి రానీయకండి.

జవాబు వచ్చాక

కవరు విప్పగానే మంజూరైన మొత్తం పక్కన విడుదలైన మొత్తం చూడండి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే మీ తర్వాతి ప్రశ్న అదే. ఆంధ్రప్రదేశ్ వరస ఖాళీగా ఉంటే ఆ పేజీ నకలు తీసి వైద్య కళాశాల ప్రిన్సిపాల్‌కి, ఎంపీకి, స్థానిక విలేకరికి ఒక్కొక్కటి ఇవ్వండి. అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా, అదే సంస్థలోని మొదటి అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా అప్పీలు పెట్టాలి. దానికి ఫీజు లేదు. కాగితం పైభాగాన 'మొదటి అప్పీలు, సెక్షన్ 19(1)' అని రాసి, మీ దరఖాస్తు నకలు, పోస్టల్ ఆర్డరు నంబరు, స్పీడ్ పోస్టు రసీదు నకలు జత చేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.